నాచు పెంచడం సులువే, నీటిలోంచి తీయడమే ఖర్చు

లోతు తక్కువ చెరువుల్లో తెడ్డు చక్రాలతో నీటిని తిప్పుతూ పెంచే సూక్ష్మ నాచు చూడటానికి చిక్కని ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఆ చిక్కదనాన్ని నమ్మడానికి లేదు. లీటరు నీటిలోని నాచును ఎండబెడితే వచ్చేది సాధారణంగా అర గ్రాము, బాగా పెరిగితే ఒక గ్రాము. అంటే ఒక కిలో ఎండు నాచు చేతికి రావాలంటే వెయ్యి నుంచి రెండు వేల లీటర్ల నీటిని దాని నుంచి వేరు చేయాలి. ఒక్కో కణం మిల్లీమీటరులో వందో వంతు, అంతకంటే చిన్నది కూడా. సాంద్రత నీటికి చాలా దగ్గర. కణాల పైన రుణావేశం ఉండటం వల్ల అవి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి, గుంపు కట్టవు, అడుగుకు దిగవు. గుడ్డతో వడకడితే రంధ్రాలు పూడుకుపోతాయి. వేగంగా గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేస్తే విడిపోతాయి కానీ కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది. పటిక వేస్తే గడ్డకట్టి పేరుకుంటాయి, అయితే ఆ పటిక నాచులోనే ఉండిపోయి తరువాతి వాడకానికి అడ్డం వస్తుంది. మొత్తం ఉత్పత్తి ఖర్చులో 20 నుంచి 30 శాతం ఈ ఒక్క పనికే పోతుందని ఈ రంగంలో తరచూ చెప్పే అంచనా.

అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు నాచు నుంచి డీజిల్ తీసే పరిశోధనకు దాదాపు 2.5 కోట్ల డాలర్లు వెచ్చించింది. నూనె ఎక్కువగా ఉండే రకాలను వేల సంఖ్యలో సేకరించింది, న్యూ మెక్సికోలో పెద్ద చెరువులు తవ్వి పెంచి చూసింది. చివరికి ముడిచమురు ధరతో పోటీ పడలేక ఆ కార్యక్రమం ఆగిపోయింది. నాచు పెరగక కాదు. పెరిగినదాన్ని నీటిలోంచి చవకగా బయటికి తెచ్చే దారి దొరకకపోవడం ఆ ఓటమికి ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి.

అయితే నాచంతా నీటిలో తేలుతూనే బతకదు. చెరువు మెట్లు, కాలువ గట్టు రాళ్లు, నీటి తొట్టె గోడలు, ఇలా తడి, వెలుతురు కలిసే ప్రతి చోటా పాచి పడుతుంది. అది అతుక్కుని పెరిగే నాచే. సెలయేళ్లలో, లోతు తక్కువ నీటిలో ఎండను ఆహారంగా మార్చే పనిలో చాలా భాగం ఈ పాచిదే. పరిశ్రమ మాత్రం తేలే నాచు వెనుకే దశాబ్దాల పాటు పరుగెత్తింది. ప్రయోగశాల సీసాలో తేలే నాచును కొలవడం, నమూనా తీయడం తేలిక కావడం అందుకు ఒక కారణం కావచ్చు.

పాచి ఎలా పడుతుందో దగ్గరగా చూస్తే దాని సత్తా తెలుస్తుంది. మురుగునీటిలో ఒక నూలు గుడ్డను ముంచితే, నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థాలు కొద్ది గంటల్లోనే దాని మీద కంటికి కనిపించని పూతగా పరుచుకుంటాయి. ఆ పూత మీదికి ముందుగా చేరేది బ్యాక్టీరియా. అది చక్కెర గొలుసులు, ప్రోటీన్లు కలిసిన జిగురును స్రవిస్తుంది. నీటితో పాటు కొట్టుకువచ్చే డయాటములు (గాజు పెంకున్న ఒక రకం సూక్ష్మ నాచు), ఆకుపచ్చ కణాలు ఆ జిగురులో చిక్కుకుని తమ జిగురునూ దానికి చేరుస్తాయి. తరువాత పోగుల్లా సాగే నాచు మొలుస్తుంది. కొన్ని రోజులకు గుడ్డ మీద ఒక మిల్లీమీటరు లోపు మందంలో ఒక చిన్న లోకమే ఏర్పడుతుంది. పైభాగంలో వెలుతురు, ఆక్సిజన్ పుష్కలంగా ఉంటాయి. అడుగున చీకటి, ఆక్సిజన్ కరవు. పగలు నాచు వదిలే ఆక్సిజన్‌ను పక్కనే ఉన్న బ్యాక్టీరియా వాడుకుని మురుగులోని సేంద్రియ పదార్థాన్ని విడగొడుతుంది. ఆ క్రమంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌ను నాచు అక్కడికక్కడే అందుకుంటుంది. మామూలు మురుగుశుద్ధి కేంద్రంలో ఈ ఆక్సిజన్‌ను బ్లోయర్లతో నీటిలోకి ఊదాలి. కేంద్రం వాడే కరెంటులో సుమారు సగం దానికే ఖర్చవుతుంది. నాచు, బ్యాక్టీరియాల ఈ ఇచ్చిపుచ్చుకోవడాన్ని మురుగుశుద్ధికి వాడుకోవచ్చని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో విలియం ఓస్వాల్డ్ 1950ల్లోనే చెరువులతో చూపించాడు. అతుక్కున్న పొరలో అదే ఇచ్చిపుచ్చుకోలు మీటర్ల దూరం నుంచి మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) దూరానికి దగ్గరవుతుంది.

ఇంతకంటే ముఖ్యమైన లాభం మరొకటి ఉంది, దాని గురించి తక్కువగా మాట్లాడతారు. చెరువులో నీరు, నాచు కలిసే ప్రయాణిస్తాయి. నాచు రెట్టింపయ్యే వేగం కంటే నీటిని వేగంగా పంపితే నాచు కూడా నీటితో కొట్టుకుపోతుంది. అందుకే నీటిని రోజుల తరబడి నిలపాలి, అంటే పెద్ద చెరువు కావాలి. గుడ్డకు పట్టిన నాచుకు ఆ బెడద లేదు. నీరు గంటల్లో వచ్చి పోవచ్చు, నాచు వారం పాటు అక్కడే ఉండి పెరగవచ్చు. నీటి వయసు, నాచు వయసు విడిపోతాయి. కోత సమయం వచ్చినప్పుడు పాల మీద మీగడ తీసినట్టు బ్లేడుతో గీరితే చాలు. అలా వచ్చే ముద్దలో 10 నుంచి 20 శాతం దాకా ఘనపదార్థమే ఉంటుంది. ఒక కిలో ఎండు నాచుకు రెండు వేల లీటర్లకు బదులు ఐదు నుంచి పది కిలోల ముద్దను ఆరబెడితే సరిపోతుంది. పైగా గీరిన తరువాత గుడ్డ పోగుల్లో మిగిలిపోయిన కణాలే తరువాతి పంటకు విత్తనం. కొత్త గుడ్డ మీద మొదటి పొర పట్టడానికి పట్టే సమయం రెండో పంట నుంచి బాగా తగ్గుతుంది.

ఈ పద్ధతికి పేరున్న తొలి రూపం మురుగుశుద్ధి కేంద్రంలో పుట్టలేదు, పగడపు దిబ్బల దగ్గర పుట్టింది. అమెరికాలో మ్యూజియాలు నడిపే స్మిత్‌సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ కరీబియన్ దిబ్బలను అధ్యయనం చేస్తూ, పోషకాలు అతి తక్కువగా ఉన్న నీటిలో కూడా దిబ్బల మీది పొట్టి నాచు పచ్చిక అసాధారణ వేగంతో పెరగడం గమనించాడు. అలలు వచ్చి పోయే ఊపే దాని రహస్యమని తేల్చాడు. నిలకడ నీటిలో నాచు చుట్టూ పోషకాలు అయిపోయిన పలుచని నీటి పొర చేరి అడ్డంగా నిలుస్తుంది. అల దాన్ని చెదరగొడుతుంది. అల ఊపుకు నాచు పోగులు అటూ ఇటూ కదలడం వల్ల అన్నిటికీ వంతులవారీగా వెలుతురు అందుతుంది. ఇదే సూత్రంతో వాలుగా పరిచిన జల్లెడ మీదికి నీటిని ఉండుండి ఒక్కసారిగా వదిలే ఏర్పాటును ఆయన రూపొందించి, 1982లో అమెరికా పేటెంటు పొందాడు. దాన్ని ఆల్గల్ టర్ఫ్ స్క్రబ్బర్ అంటారు. మ్యూజియంలో బతికున్న పగడాల తొట్టిని శుభ్రంగా ఉంచడానికి అది మొదట ఉపయోగపడింది. అరిజోనాలో మూసిన గాజు కట్టడంగా వెలసిన బయోస్ఫియర్ 2లోని కృత్రిమ సముద్రానికీ దాన్నే వాడారు.

పట్టణ మురుగు మీద దీని పనితనాన్ని ఆరుబయట ఏడాది పొడవునా కొలిచిన పేరున్న ప్రయోగం కాలిఫోర్నియాలోని పాటర్సన్ పట్టణంలో జరిగింది. అప్పటికే రెండో దశ శుద్ధి, అంటే బ్యాక్టీరియాతో సేంద్రియ పదార్థాన్ని విడగొట్టే పని పూర్తయి, నత్రజని, భాస్వరం లాంటి పోషకాలు మిగిలి ఉన్న నీటిని సుమారు 150 మీటర్ల పొడవు, ఆరున్నర మీటర్ల వెడల్పు ఉన్న వాలు మీద పారించారు. చదరపు మీటరుకు రోజుకు సగటున 35 గ్రాముల ఎండు పదార్థం వచ్చింది. అందులో నత్రజని 3.1 శాతం, భాస్వరం 2.1 శాతం. గుణించి చూస్తే రోజుకు చదరపు మీటరు మీద 1.1 గ్రాముల నత్రజని, 0.73 గ్రాముల భాస్వరం నీటిలోంచి బయటికి వచ్చినట్టు. 1996లో వెలువడిన ఫలితాల్లోని తొలగింపు అంకెలూ సరిగ్గా ఇవే. ఈ రంగంలో ఏ అంకెనైనా నమ్మే ముందు చేయాల్సిన పరీక్ష ఇదే: నీటిలోంచి పోయిందని చెబుతున్న పోషకం గీరిన నాచులో కనిపించాలి.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. నాచు కణంలో భాస్వరం సాధారణంగా ఒక శాతం దగ్గర ఉంటుంది. మరి 2.1 శాతం ఎక్కడి నుంచి వచ్చింది? నాచు పగలంతా నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేయడంతో నీరు క్షారంగా మారుతుంది. పీహెచ్ తొమ్మిది దాటితే కాల్షియంతో కలిసి భాస్వరం సన్నని పొడిగా పేరుకుని పొరలోనే చిక్కుకుంటుంది. నాచు తినని భాస్వరాన్ని కూడా ఆ జిగురు పట్టి ఉంచుతుంది, కోతతో పాటు అదీ బయటికి వస్తుంది. భాస్వరం తీయడంలో పాచి పొరకున్న ప్రత్యేకమైన బలం ఇది.

నత్రజని కథ వేరు. యూటా స్టేట్ విశ్వవిద్యాలయంలో లోగన్ క్రిస్టెన్సన్, రొనాల్డ్ సిమ్స్ కలిసి నూలు తాడు చుట్టిన డ్రమ్మును మురుగులో సగం మునిగేలా తిప్పే రియాక్టరును తయారుచేశారు. కోతకు తాడును ఒక కండె మీదుగా లాగుతూ గీరుతారు. 12 నుంచి 16 శాతం ఘనపదార్థం ఉన్న ముద్ద వస్తుంది. 2012లో ప్రచురించిన ఫలితాల్లో నాచు దిగుబడి చదరపు మీటరుకు రోజుకు చిన్న పరికరంలో 5.5 గ్రాములు, పెద్దదానిలో గరిష్ఠంగా 31 గ్రాములు. భాస్వరం తొలగింపు 2.1 గ్రాములు, నత్రజని తొలగింపు 14.1 గ్రాములు. 31 గ్రాముల నాచులో పదో వంతు నత్రజనే అనుకున్నా అది మూడు గ్రాముల దగ్గరే ఆగుతుంది. మిగతాదంతా నాచు కాకుండా మరో దారిన పోయి ఉండాలి. అలాంటి దారులు రెండున్నాయి. ఆక్సిజన్ లేని అడుగు పొరలో బ్యాక్టీరియా నైట్రేటును మామూలు నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలితే అది నిజమైన శుద్ధే. క్షారం పెరిగి అమ్మోనియా ఆవిరైపోతే మాత్రం అది శుద్ధి అనిపించుకోదు. ఆ అమ్మోనియా వానతో, దుమ్ముతో మళ్లీ నేలకు, నీటికి చేరుతుంది. ఏ దారిన ఎంత పోయిందో చెప్పని నత్రజని తొలగింపు అంకెను ఏ పురపాలక సంఘమూ టెండరులో ఒప్పుకోకూడదు.

తరువాతి ప్రయత్నాలు ప్రధానంగా స్థలం ఆదా మీద నడిచాయి. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రాస్, జియో వెన్ గట్టి నూలు గుడ్డను నిలువు బెల్టుగా కట్టి, కింది అంచు మురుగులో మునిగేలా, మిగతాది గాలిలో ఎండకు తిరిగేలా చేశారు. గాలిలో ఉన్నంతసేపూ పలుచని తడి పొర గుండా కార్బన్ డయాక్సైడ్ నేరుగా నాచుకు అందుతుంది, ప్రత్యేకంగా ఊదనక్కరలేదు. అదే పద్ధతి ఆధారంగా వారు కంపెనీ పెట్టారు. షికాగో మహానగర మురుగుశుద్ధి సంస్థ ఆ బెల్టులను తన కేంద్రంలో పరీక్షించి చూసింది. జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ మెల్కోనియన్ బృందం ఇంకా ముందుకు వెళ్లి, నాచును అసలు నీటిలో ముంచకుండా, పోషకాలు పారే పొర ఒకటి, దానికి ఆనుకుని నాచు పెరిగే సన్న రంధ్రాల పొర మరొకటి నిలబెట్టింది. చైనాలోని చింగ్‌డావ్‌లో ల్యూ తియాన్‌జోంగ్ బృందం నిలువు పలకలను దగ్గర దగ్గరగా పేర్చి, నేల విస్తీర్ణం లెక్కన చదరపు మీటరుకు రోజుకు 50 నుంచి 80 గ్రాములు సాధించామని 2013లో ప్రకటించింది.

ఆ అంకెలను చదివేటప్పుడు ఎండను మరచిపోకూడదు. తెలుగు రాష్ట్రాల్లో సగటున చదరపు మీటరు నేల మీద రోజుకు పడే సూర్యశక్తి సుమారు 18 మెగాజౌళ్లు. ఒక గ్రాము ఎండు నాచులో దాగే శక్తి 20 కిలోజౌళ్లకు కాస్త అటూ ఇటూ. ఎండలో మూడు శాతాన్ని నాచు పట్టుకోగలిగితే, ఆరుబయట అది మంచి పనితనమే, రోజుకు 27 గ్రాములు. పలకలను నిలువుగా పెడితే నిజమైన లాభం ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండ ఒకే పొర మీద పడితే నాచు దాన్ని వాడుకోలేక వేడిగా వదిలేస్తుంది, అదే ఎండ నాలుగైదు పలకల మీద పలుచగా పరుచుకుంటే వృథా తగ్గుతుంది. కానీ ఆ పలకలన్నీ పంచుకునేది అదే ఎండను. ఒంటరిగా నిలబెట్టిన చిన్న పరికరం పక్కల నుంచి కూడా వెలుతురు పట్టుకుంటుంది. అలాంటివి వంద వరుసలుగా పెడితే ఒకదాని నీడ మరొకదాని మీద పడుతుంది. ప్రయోగ పరికరపు దిగుబడిని ఎకరాలకు గుణించి చూపే ప్రకటనల్లో తప్పు సాధారణంగా ఇక్కడే దొర్లుతుంది.

పాటర్సన్ అంకెలను మన చిన్న పట్టణానికి అన్వయిస్తే విషయం తేటపడుతుంది. ఒక మనిషి నుంచి రోజుకు మురుగులోకి చేరే నత్రజని సుమారు 10 గ్రాములు, భాస్వరం గ్రామున్నర. ఒక్కొక్కరి భాస్వరానికి రెండు చదరపు మీటర్ల నాచు పొర కావాలి, నత్రజనికి తొమ్మిది. లక్ష జనాభా ఉన్న పట్టణంలో భాస్వరం మట్టుకు తీయాలంటే 50 ఎకరాలు, నత్రజని మొత్తం నాచుతోనే తీయాలంటే 220 ఎకరాలు. హైదరాబాదు లాంటి నగరంలో హుస్సేన్ సాగర్, మూసీల్లోకి చేరే మురుగుకు ఇది జవాబు కాజాలదు, అక్కడ అంత నేల లేదు. పక్కన బీడు భూమి, ఏడాదిలో ఎక్కువ నెలలు కాసే ఎండ ఉన్న చిన్న పట్టణాలకు, చివరి దశలో భాస్వరం దించడానికి ఇది బలమైన అభ్యర్థి. చలికాలంలో గడ్డకట్టే అయోవా లాంటి చోట్ల గ్రీన్‌హౌస్ కట్టి మరీ చేస్తున్న పనికి ఇక్కడ ఆ ఖర్చు ఉండదు.

ఇబ్బందులు లేకపోలేదు. పొర మందం పెరిగేకొద్దీ అడుగు కణాలు చీకటిలో చచ్చి పట్టు వదులుతాయి. కోత ఆలస్యమైతే పొర పెళ్లలుగా ఊడి నీటిలో కలిసిపోతుంది, తీసిన పోషకమంతా తిరిగి వస్తుంది. కాబట్టి వారానికోసారి కోత తప్పనిసరి, అది సెలవు రోజు చూసి ఆగే పని కాదు. మురుగునీటి దోమల్లాంటి ఈగల పిల్లపురుగులు పొరను మేసి రోజుల్లో ఖాళీ చేయగలవు. నూలు గుడ్డకు నాచు బాగా పడుతుంది కానీ ఆ నూలే కుళ్లిపోతుంది. పాలిస్టర్ మన్నుతుంది కానీ పట్టు తక్కువ. చెరువు పద్ధతిలో నీటిని వేరు చేయడానికి అయ్యే ఖర్చు ఇక్కడ గుడ్డ, బెల్టు, మోటారు, మనిషి ఖర్చుగా రూపం మారుస్తుంది. మొత్తం మీద తగ్గుతుందా అన్నది ఆ గుడ్డ ఎన్నేళ్లు మన్నుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇక గీరిన నాచును ఏం చేయాలి? ఇంధనం అన్న మాటను పక్కన పెట్టడమే మేలు. అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకుడు వాల్టర్ మల్బ్రీ మేరీలాండ్‌లోని బెల్ట్స్‌విల్‌లో పాడిపశువుల పేడ నీటి మీద పెంచిన పాచిలో కొవ్వు ఆమ్లాలు ఎండు బరువులో ఒకటిన్నర శాతానికి మించలేదు. పైగా డయాటముల గాజు పెంకులు, ఇసుక, పేరుకున్న లవణాల వల్ల ఇలాంటి నాచులో బూడిద చాలా ఎక్కువ. దానికి తగిన చోటు పొలం. అదే బెల్ట్స్‌విల్ నాచును మట్టిలో కలిపి చూస్తే, అందులోని నత్రజనిలో మొక్కకు వెంటనే అందేది మూడు శాతం మాత్రమే, మూడు వారాల్లో మూడో వంతు అందుబాటులోకి వచ్చింది. మొక్కజొన్న, దోస మొలకలు రసాయన ఎరువుతో సమానంగా పెరిగాయి. నెమ్మదిగా విడుదలయ్యే ఈ గుణం వానకు ఎరువు కొట్టుకుపోయే నేలల్లో విలువైనది. పారిశ్రామిక వ్యర్థం కలిసిన మురుగైతే మాత్రం నాచు బరువు లోహాలనూ అంతే ఆసక్తిగా పట్టుకుంటుంది. పరీక్ష లేకుండా ఆ ముద్దను పొలానికి తోలడం ప్రమాదకరం.

అసలు గీరే పనిని మనుషులకో యంత్రాలకో కాకుండా చేపకు అప్పగించిన పద్ధతి కూడా ఒకటుంది. పశ్చిమాఫ్రికా దేశం బెనిన్‌లోని మడుగుల్లో కొమ్మలు గుచ్చి, వాటికి పట్టే పాచిని మేయడానికి వచ్చే చేపలను పట్టడం పాత ఆచారం. బంగ్లాదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధకులు అదే ఆలోచనతో చెరువుల్లో వెదురు కర్రలు నాటి శీలావతి, బొచ్చె పెంచితే, కర్రలు లేని చెరువుల కంటే దిగుబడి స్పష్టంగా పెరిగింది. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెంచేదీ ప్రధానంగా ఈ రెండు చేపలనే. అక్కడి రైతులు తవుడు నింపిన చిల్లుల సంచులను నీటిలో కర్రలకు కట్టి వేలాడదీస్తారు, అంటే చెరువులో కర్ర పాతడం వారికి కొత్తేమీ కాదు. వల లాగేటప్పుడు కర్రలు అడ్డం వస్తాయన్నది ఒక్కటే నిజమైన అభ్యంతరం. పట్టుబడికి ముందు తీసేయగలిగేలా కర్రలను చట్రాలకు బిగిస్తే, తినకుండా నీటిలో కరిగిపోయే తవుడులోని నత్రజని, భాస్వరాల్లో కొంత భాగం కొల్లేరులోకి వెళ్లే కాలువ ఎక్కకముందే పాచిగా మారి శీలావతి నోట పడుతుంది. ఆ చట్రాలు ఎన్ని పెట్టాలి, ఎంత ఎడంలో పెట్టాలి అన్నది రెండు మూడు చెరువుల్లో ఒక్క పంటకాలం పెట్టి చూస్తే తేలే విషయం.